అమ్మానాన్నలు తిరిగి వెళ్లేలోగా బ్రాడ్‌వేలో ఏ నాటకం చూడాలి?

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు తన పేరు వేయవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె తల్లిదండ్రులు తెనాలి దగ్గరి పల్లె నుంచి మే నెలలో వచ్చారు. అక్టోబరు నెలాఖరుకు వారి తిరుగు ప్రయాణం. ఈలోగా ఇంటిల్లిపాదీ కలిసి న్యూయార్క్‌లో పెద్ద పెద్ద నాటకశాలలున్న బ్రాడ్‌వేలో ఒక్క నాటకమైనా చూడాలన్నది ఆమె కోరిక. అక్కడే పేచీ మొదలైంది. భర్త చాలా ఏళ్లుగా ‘హామిల్టన్’ చూడాలని ఎదురుచూస్తున్నారు. తొమ్మిదేళ్ల కూతురు సినిమా చూసినప్పటి నుంచి ‘వికెడ్’ తప్ప మరో పేరు ఎత్తడం లేదు. ఆఫీసులో ఒక స్నేహితురాలు, పేరున్న సినిమా నటుడు నటిస్తున్న గంభీరమైన నాటకానికి వెళ్లమని సలహా ఇచ్చారు. ఇంట్లో రెండున్నరేళ్ల బాబు కూడా ఉన్నాడు.

“ఐదుగురికి మంచి సీట్లు కొంటే వెయ్యి డాలర్లు దాటుతుంది, మీ అమ్మానాన్నలకు ఒక్క ముక్క అర్థం కాదు, మూడు గంటలు కదలకుండా కూర్చోవడం వాళ్లకే శిక్ష, వాళ్లు బాబును చూసుకుంటూ ఇంట్లో ఉంటారులే” అన్నది భర్తగారి మాట. నాన్నగారేమో “మాకెందుకమ్మా అంత ఖర్చు, మీరు వెళ్లి రండి” అన్నారు. ఆయన రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి విరమించారు. ఇంగ్లీషు పేపరు చదువుతారు గాని అమెరికావాళ్ల ఉచ్చారణ ఆయన చెవికి అందదు. వయసులో ఉన్నప్పుడు రాయబారం పద్యాలు రాగం తీసి పాడినవారు, సురభి వారి నాటకాలు ఎక్కడ ఆడితే అక్కడికి సైకిలు మీద వెళ్లినవారు. జూలైలో టైమ్స్ స్క్వేర్ చూపించడానికి తీసుకెళితే, ఆ హోర్డింగుల కింద నిలబడి “ఇవన్నీ నాటకాలేనా? ఇంకా రోజూ ఆడతారా ఇక్కడ?” అని అడిగారట. “ఆ మాట నన్ను వదలడం లేదు. మావారితో గట్టిగా వాదిస్తే నాన్నగారి చెవిన పడుతుంది, వాదించకపోతే నాకు నిద్ర పట్టదు. అమ్మ ఏదైనా సరే అంటుంది. ఏ నాటకానికి వెళ్లాలో మీరే ఒక్క మాట చెప్పండి” అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీరు అడిగింది ఏ నాటకం అని ఒక్కటే అయినా, ఉత్తరంలో మూడు ప్రశ్నలు ఉన్నాయి. ఎవరు వెళ్లాలి, బాబును ఎవరు చూసుకోవాలి, ఏం చూడాలి. మీ ఇంట్లో వాదనంతా మూడోదాని మీదే నడుస్తుండగా మొదటి రెండింటికీ ఎవరూ అడగకుండానే జవాబు ఖాయమైపోయింది. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ ఖాయమైపోవడమేనని నాకు అనిపిస్తోంది. అందుకే ముందు వాటినే చూద్దాం.

బ్రాడ్‌వే థియేటర్లలో చాలావరకు నాలుగేళ్ల లోపు పిల్లలను లోపలికి రానివ్వవు. హద్దు కొన్నిచోట్ల కాస్త అటూ ఇటూగా ఉన్నా, రెండున్నరేళ్ల బాబుకు మీరు అనుకుంటున్న ఏ ప్రదర్శనలోనూ ప్రవేశం దొరకదు. కాబట్టి ఇంటిల్లిపాదీ కలిసి నాటకం చూడడం ఈ ఏడాది ఎలాగూ జరగని పని. ఎవరో ఒక పెద్దవారు ఇంట్లో ఉండక తప్పదు. ఇది విని నిరాశపడకండి, దీనివల్ల మీ భుజాల మీది బరువు నిజానికి తగ్గుతుంది. అందరికీ ఒకేసారి నచ్చే ఒకే ఒక్క నాటకాన్ని వెతకవలసిన అవసరం మీకు లేదు. ఇంట్లో ఉండిపోయే ఆ ఒక్కరు ప్రతిసారీ అమ్మానాన్నలే కావాలన్న నియమమూ లేదు. ఆరు నెలల కోసం సముద్రాలు దాటి వచ్చిన పెద్దవాళ్లు మనవడిని సంతోషంగానే చూసుకుంటారు, అందులో సందేహం లేదు. కాని వాళ్లు సంతోషంగా చేస్తారు కాబట్టి అడగకుండానే వాళ్లకు అప్పగించడం సరికాదని మీ మనసుకు తెలుసు.

ఇక మీవారి మాట. అందులో కొంత నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. ‘హామిల్టన్’ 2015 నుంచి నలభై ఆరో వీధిలోని రిచర్డ్ రోజర్స్ థియేటర్‌లో ఆడుతోంది. పది డాలర్ల నోటు మీద బొమ్మ ఉన్న తొలి ఆర్థిక మంత్రి కథ అది. మొదటి నుంచి చివరి దాకా దాదాపు అంతా పాటే, అందులోనూ ఎక్కువ భాగం ర్యాప్, మాట మీద మాట పడుతూ సాగుతుంది. ఇంగ్లీషు పుట్టుభాష అయినవాళ్లే కొందరు ముందుగా పాటలు విని వెళతారు. దానికితోడు అమెరికా స్వాతంత్ర్య పోరాటం, తొలినాటి రాజకీయ తగాదాలు కొంతైనా తెలియకపోతే ఎవరు ఎవరి మీద ఎందుకు మండిపడుతున్నారో అందదు. అది గొప్ప ప్రదర్శనే అయినా, మీ నాన్నగారిని మొదటిసారి తీసుకెళ్లడానికి మాత్రం తగింది కాదు.

అయితే ‘హామిల్టన్’ గురించి నిజమైన మాటను మీవారు బ్రాడ్‌వే అంతటికీ వర్తింపజేశారు. అక్కడే నేను ఆయనతో విభేదిస్తాను. అభినయం నాలుగు విధాలని మన నాట్యశాస్త్రం చెబుతుంది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం. భాష రాకపోతే పోయేది ఆ నాలుగింటిలో వాచికం ఒక్కటే. అది కూడా పూర్తిగా పోదు, ఎందుకంటే గొంతులోని కోపానికి, ఏడుపుకు భాష అక్కర్లేదు. మిగిలిన మూడింటినీ చూడడంలో మీ నాన్నగారికి మనలో చాలామంది కంటే ఎక్కువ అనుభవం ఉంది. 1885లో మొదలైన సురభి సంప్రదాయంలో తెరల మీద తెరలు, క్షణంలో మారిపోయే రంగాలు, గాలిలో తేలివచ్చే పాత్రలు చూస్తూ పెరిగిన మనిషి ఆయన. నటుడు వేదిక మీదికి నడిచి వచ్చే తీరు చూసి ఇతను రాజో, కపటో పోల్చుకోగల ప్రేక్షకుడు. అటువంటివారికి వాచికం భారం తక్కువగానూ, మిగిలిన మూడూ సమృద్ధిగానూ ఉన్న ప్రదర్శనను ఎంచుకోవాలి.

ఆ కొలతతో చూస్తే నాకు మొదట తోచేది ‘ది లయన్ కింగ్’. 1997లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది, 2006 నుంచి నలభై ఐదో వీధిలోని మిన్‌స్కాఫ్ థియేటర్‌లో ఆడుతోంది. పిల్లల బొమ్మల సినిమాలోంచి వచ్చింది కదా, పెద్దాయనకు అదేమిటని మీవారు అనవచ్చు. కాని ఆ ప్రదర్శనను నిలబెట్టేది దాని రంగస్థల శిల్పం. ఎత్తయిన కాళ్ల మీద నడిచే జిరాఫీలు, నటుడి తలపైన వేరుగా కదిలే సింహపు ముసుగులు, తెర వెనుక నీడల బొమ్మలు అందులో ఉంటాయి. బొమ్మను ఆడించే మనిషిని దాచిపెట్టరు. మనిషీ, మృగమూ రెండూ కనిపిస్తూనే ఉంటాయి. తోలుబొమ్మలాట చూసిన కంటికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. మొదటి పాట జులూ భాషలో ఎత్తుకుంటారు. ఆ క్షణాన థియేటర్‌లో ఉన్న పదిహేను వందలమందికి పైగా జనంలో దాదాపు ఎవరికీ మాట అర్థం కాదు, అయినా జంతువులు ప్రేక్షకుల మధ్య నడవాల్లోంచి వేదిక వైపు సాగుతుంటే చాలామంది కళ్లు చెమరుస్తాయి. అక్కడ మీ నాన్నగారూ, పక్కసీటు అమెరికా ఆయనా సమానమే. కథ కూడా మనకు పరాయిది కాదు. అన్నను చంపి సింహాసనం ఎక్కిన తమ్ముడు, అడవుల పాలైన రాకుమారుడు, తిరిగి వచ్చి రాజ్యం గెలుచుకోవడం ఇందులోని కథ. విరామంతో కలిపి సుమారు రెండున్నర గంటలు.

‘వికెడ్’ సంగతి కొంచెం చిక్కు. 2003 నుంచి యాభై ఒకటో వీధిలోని గెర్ష్‌విన్ థియేటర్‌లో ఆడుతోంది. పందొమ్మిది వందలకు పైగా సీట్లున్న ఆ థియేటర్ బ్రాడ్‌వేలోకెల్లా పెద్దది. రంగాలంకరణ, దీపాలు, మొదటి అంకం చివర నాయిక గాలిలోకి లేచే దృశ్యం, ఇవన్నీ సురభి అభిమానికి కన్నుల పండుగే. కాని ఆ కథ మరో కథ మీద ఆధారపడి నిలబడింది. ఓజ్ రాజ్యం, గాలివానకు ఎగిరివచ్చిన అమ్మాయి, ఆకుపచ్చ మంత్రగత్తె అమెరికాలో పిల్లలందరికీ తెలిసిన కథ. అది తెలిసినవాళ్లకే ఇందులోని మలుపులు మలుపులుగా కనిపిస్తాయి. మీ నాన్నగారికి ఆ పాత కథ తెలియదు. మాటలూ, చతురోక్తులూ ఎక్కువ, నిడివి రెండుముప్పావు గంటలు. ఐతే మీకు ఒక వసతి ఉంది: మీ అమ్మాయికి అది కంఠతా వచ్చు. వారం రోజులు ముందుగా తాతయ్యకు తన తెలుగులో, తనకు వచ్చినంతలో, కథంతా చెప్పమనండి. పద్యనాటకానికి వెళ్లేవాళ్లెవరూ కథ తెలుసుకోవడానికి వెళ్లరు, తెలిసిన కథను ఎలా ఆడతారో చూడడానికి వెళతారు. కాబట్టి ముందే కథ వింటే రుచి చెడిపోతుందని ఆయన అనుకోరు.

మీ స్నేహితురాలు చెప్పిన నాటకాన్ని ఈసారికి పక్కన పెట్టండి. సినిమా నటుల కోసం పరిమితకాలం ఆడే అలాంటి నాటకాలకు ధర ఎక్కువ, సంభాషణలే ప్రాణం. ఏ విధంగా చూసినా మీ ఇంటి అవసరానికి అది తగదు.

ఇంగ్లీషు చదవగలిగే మీ నాన్నగారికి పనికొచ్చే ఒక సదుపాయం గురించి చెప్పాలి. ‘గాలాప్రో’ అనే యాప్ ఉంది, చాలా బ్రాడ్‌వే థియేటర్లలో పనిచేస్తుంది, దానికి వేరే రుసుము లేదు. ఫోనును థియేటర్ వైఫైకి కలిపితే, వేదిక మీద పలుకుతున్న మాటలు నల్లని తెర మీద మసక అక్షరాలతో వస్తాయి. పక్కవారికి ఇబ్బంది ఉండదు. కాని తల వంచి చదివినంతసేపూ వేదిక మీది ఆట కళ్లకు దూరమవుతుంది. ‘ది లయన్ కింగ్’కు ఇది సందేహం వచ్చినచోట చూసుకోవడానికి చాలు, ‘వికెడ్’కు బాగా ఉపయోగపడుతుంది, ‘హామిల్టన్’ వేగానికి మాత్రం చదువుతూ ఉండిపోవడమే అవుతుంది.

ఇప్పుడు నాన్నగారి మాట దగ్గరికి వద్దాం. “మాకెందుకమ్మా అంత ఖర్చు” అన్నది ఖర్చు గురించి అన్న మాట. నాటకం వద్దన్న మాట అందులో లేదు. టైమ్స్ స్క్వేర్‌లో తనంతట తాను అడిగిన ప్రశ్నే ఆయన మనసులో ఏముందో చెబుతోంది. ఆయన చెవిన “ఐదుగురికి వెయ్యి డాలర్లు” అని పడి ఉంటుంది, రూపాయల్లోకి మార్చుకుని ఉంటారు, అక్కడితో ఆగిపోయారు. చాలామంది పిల్లలు ఇటువంటప్పుడు టికెట్లు కొనేసి, “డబ్బు తిరిగి రాదు నాన్నా, ఇక రావలసిందే” అంటారు. బ్రాడ్‌వే టికెట్లకు నిజంగానే సాధారణంగా వాపసు ఉండదు కనుక ఈ ఉపాయం పారుతుంది. పారుతుంది గాని, ఆయన ఆ మధ్యాహ్నమంతా వేదికను చూస్తూ లెక్కలు వేసుకుంటారు, మీవారికి తెలియకుండా కొన్నారేమోనని కూడా మథనపడతారు. దానికి బదులు, “మీరు వద్దంటే అమ్మాయీ నేనూ ఇద్దరమే వెళ్లాలి నాన్నా, మాతో మీరు రావాలి, నాటకం గురించి మీకు తెలిసినంత నాకు తెలియదు” అని అడిగి చూడండి. మీరు రాసినదాన్ని బట్టి అది వట్టి మర్యాద మాట కాదు, నిజమే కూడా.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన ఒక వాక్యం ఉంది. నాన్నగారి గురించి పేజీన్నర రాశారు. అమ్మగారి గురించి “అమ్మ ఏదైనా సరే అంటుంది” అని ఒకటి, మోకాళ్ల నొప్పులని మరొకటి, అంతే. ఆవిడకు నాటకమంటే ఇష్టమో కాదో మీకు తెలుసా? నాన్నగారు సైకిలు మీద సురభి నాటకాలకు వెళ్లిన రోజుల్లో ఆవిడ ఎక్కడున్నారు, ఎప్పుడైనా వెంట వెళ్లారా, వెళ్లాలనుకున్నారా? నిజంగానే ఆవిడకు ఆసక్తి లేకపోవచ్చు, మనవడితో గడపడమే ఆవిడకు పండుగ కావచ్చు. అడిగాక ఆవిడ అలా చెబితే అది ఆవిడ నిర్ణయం. అడగకుండా వదిలేస్తే, మీవారు మీ ఇద్దరు పెద్దవాళ్ల విషయంలో చేశారని మీరు బాధపడుతున్న పనిని మీరు ఒకరి విషయంలో చేసినట్టవుతుంది. నాన్నగారు పక్కన లేనప్పుడు అడగండి. ఆయన ఎదుట ఆవిడ మళ్లీ “ఏదైనా సరే” అనే అంటారు.

వీటన్నిటినీ పెట్టుకుని ఆలోచిస్తే మీ ముందు కొన్ని దారులు కనిపిస్తున్నాయి. మీవారు అన్నట్టు మీ ముగ్గురూ వెళ్లి, పెద్దవాళ్లు బాబుతో ఉండిపోవడం అన్నిటికంటే సులువు, ఖర్చూ తక్కువ. ఇంట్లో ఎవరూ గొడవ పడరు. కాని అక్టోబరులో వాళ్లను విమానం ఎక్కించి వచ్చాక మీకు మిగిలేది ఏమిటో మీ ఉత్తరమే చెబుతోంది, కాబట్టి ఆ సులువు మీకు పనికిరాదు. రెండో దారిలో మీరు, నాన్నగారు, అమ్మాయి, రాదలచుకుంటే అమ్మగారు కలిసి ఒక శనివారమో ఆదివారమో మధ్యాహ్నం ఆటకు వెళతారు, మీవారు బాబుతో ఇంట్లో ఉంటారు. మీవారికి ఇది మొదట చేదుగా ఉంటుంది, ఎందుకంటే నాటకానికి వెళ్లాలని అందరికంటే ముందు అనుకున్న మనిషి ఆయనే. ఆయన కోరికకు వేరే రోజు కేటాయించకుండా ఈ దారి పడితే మీ ఇద్దరి మధ్య అది చాలాకాలం నలుగుతుంది.

అందుకే నేనైతే రెండు ప్రయాణాలుగా విడదీయమంటాను. పెద్దవాళ్లతో, అమ్మాయితో ఒకటి, మీ దంపతులిద్దరికీ ‘హామిల్టన్’ వేరుగా. రెండోదానికి తొందరేమీ లేదు, అది ఎక్కడికీ పోవడం లేదు. దానికి లాటరీ పద్ధతి ఉంది. ‘హామిల్టన్’ వారి సొంత యాప్‌లో పేరు నమోదు చేసుకుంటే, అదృష్టం కలిసివస్తే, చాలాకాలంగా పది డాలర్లకే ఇస్తున్న టికెట్లు గరిష్ఠంగా రెండు దొరుకుతాయి. ఎంతోమంది పోటీ పడతారు కనుక దాన్నే నమ్ముకోకూడదు, కాని ప్రతి వారం ప్రయత్నించడానికి ఖర్చేమీ లేదు. మొదటి నటవర్గంతో తీసిన ‘హామిల్టన్’ చిత్రీకరణ 2020 నుంచి డిస్నీ ప్లస్‌లో ఉంది. ఒక శుక్రవారం రాత్రి మీవారిని దాన్ని సబ్‌టైటిల్స్‌తో సహా పెట్టి నాన్నగారి పక్కన కూర్చుని చూడమనండి. “ఒక్క ముక్క అర్థం కాదు” అన్న మాట ఎంతవరకు నిజమో ఆయనకే తెలుస్తుంది, వాదించవలసిన అవసరం మీకు రాదు. ఆ రాత్రి నాన్నగారు అరగంటకే లేచి పడుకుంటే మీవారి మాట నెగ్గినట్టే అనుకోండి. చివరిదాకా కూర్చుంటే, నా లెక్క కూడా తప్పి, ‘హామిల్టన్’కు మామా అల్లుళ్లు వెళ్లవచ్చు.

అమ్మాయికి ‘వికెడ్’ కాక ‘ది లయన్ కింగ్’ అంటే అలుగుతుందేమో. ఆ అలక తీర్చడం మీకు తెలిసిన పనే. తాతయ్య కోసం ఎంచుకున్నామని దాచకుండా చెబితే తొమ్మిదేళ్ల పిల్ల అర్థం చేసుకుంటుంది. వద్దని మొండికేస్తే, కథ చెప్పే బాధ్యత దానికే అప్పగించి ‘వికెడ్’కే వెళ్లండి. నాకు రెండింటిలో మొదటిదే ఇష్టమైనా, రెండోదాంతో మీ నాన్నగారికి అన్యాయమేమీ జరగదు.

ఖర్చు గురించి. 2024-25 సీజన్‌లో బ్రాడ్‌వే టికెట్ సగటున సుమారు 129 డాలర్లు పలికింది. పేరున్న మ్యూజికల్స్‌లో, అంటే పాటలతో నడిచే ఇలాంటి నాటకాల్లో, మంచి సీట్లు అంతకంటే పైమాటే. టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల కింద ఉన్న టీకేటీఎస్ కౌంటరు 1973 నుంచి అదే రోజు ఆటల టికెట్లను సగం ధర దాకా తగ్గించి అమ్ముతోంది. అయితే ‘ది లయన్ కింగ్’, ‘హామిల్టన్’ అక్కడ కనిపించడం అరుదు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని వరుసలో నిలబెట్టడమూ భావ్యం కాదు. సెప్టెంబరులో ‘బ్రాడ్‌వే వీక్’ పేరుతో ఒక టికెట్ ధరకు రెండు ఇచ్చే పథకం ఏటా వస్తుంది. పాల్గొనే ప్రదర్శనల జాబితా మారుతూ ఉంటుంది కనుక అది వెలువడగానే చూడండి. ఏదీ కుదరకపోతే థియేటర్ బాక్సాఫీసు కిటికీ దగ్గరే కొనండి, ఆన్‌లైన్ సర్వీసు రుసుము మిగులుతుంది. వెతికినప్పుడు పైన కనిపించే కొన్ని సైట్లు మారుబేరగాళ్లవి, అసలు వాటిలాగే ఉండి ఎక్కువ ధర వసూలు చేస్తాయి, చూసుకోండి.

అమ్మగారు వచ్చేమాటైతే సీట్లు ఆర్కెస్ట్రాలోనే, అంటే వేదిక ఉన్న అంతస్తులోనే, నడవ పక్కన తీసుకోండి. బ్రాడ్‌వేలో పాత థియేటర్లు ఎక్కువ, వాటిలో చాలాచోట్ల పై అంతస్తులకు మెట్లే గతి. మిన్‌స్కాఫ్, గెర్ష్‌విన్ రెండూ 1970లలో కట్టినవి, ఎస్కలేటర్లు ఉన్నాయి, ఈ విషయంలో మీ ఎంపిక బాగానే కుదురుతుంది. మెట్లు ఎక్కలేరని కొనేటప్పుడే చెబితే తక్కువ మెట్లున్న వరుస చూసి ఇస్తారు. విరామం పదిహేను నిమిషాలే, స్త్రీల బాత్రూముల దగ్గర వరుస పొడుగ్గా ఉంటుంది, కాబట్టి అమ్మగారిని దీపాలు వెలగగానే బయలుదేరదీయండి. లోపల చలి ఎక్కువ, శాలువా మరిచిపోకండి. రైల్లో వెళ్లి పెన్ స్టేషన్ నుంచి నడిపించే బదులు బస్సులో పోర్ట్ అథారిటీ బస్ స్టేషన్ దాకా వెళితే నడక తగ్గుతుంది. ఆట మొదలవడానికి అరగంట ముందే సీట్లలో ఉండండి. ఆలస్యమైతే తగిన సందు దొరికేదాకా బయటే నిలబెడతారు, ‘ది లయన్ కింగ్’లో పోగొట్టుకోకూడనిదే మొదటి పాట.

తేదీ సెప్టెంబరు రెండో సగంలోనో, అక్టోబరు మొదటి వారాల్లోనో పెట్టుకోండి. నెలాఖరు దాకా ఆగితే సూట్‌కేసుల తూకాల మధ్య, ఎవరెవరికి ఏమేం పంపాలన్న హడావిడి మధ్య నాన్నగారు మళ్లీ “ఇప్పుడెందుకమ్మా” అంటారు, అప్పుడు ఆయన్ని ఒప్పించడం మీ వల్ల కాదు. అమ్మగారిని మాత్రం ఈ వారమే అడగండి. కొనవలసిన టికెట్లు మూడో నాలుగో తేలేది ఆవిడ జవాబుతోనే.